బీరువా తలుపు మీది అయస్కాంతం

మా సహోపాధ్యాయుడు, భౌతికశాస్త్రం బోధించిన లచ్చయ్య సారు కన్నుమూశారన్న దుర్వార్త భూపాలపల్లి నుంచి ఫోనులో వచ్చినప్పుడు నిశ్చేష్టుడినయ్యాను. మొన్ననే జనగామ బస్టాండులో నాతో చాయ్ తాగి బస్సెక్కిన మనిషి. గుండె ఆగిందన్నారు. ఆగిందా, ఆపారా అన్న కోపం నాకింకా చల్లారలేదు.

ఆ విద్యాదాతకు ప్రయోగశాల అక్కర్లేదు. అంగీ జేబులో సదా ఒక అయస్కాంతం ఉండేది. ఎవరింటికి పోయినా రొట్టెలు కాల్చే ఇనుప పెంకకు, ఇత్తడి బిందెకు, సిలవర గిన్నెకు తగిలించి చూపేవారు. ఒక స్టీలు గిన్నెకు అతుక్కుని, పక్కదానికి అతుక్కోకపోతే ఆయన ముఖం వికసించేది. "రెండూ స్టీలే. గాని కలిపిన లోహాలు వేరే, గందుకే గిట్ల" అనేవారు.

రాష్ట్రం కోసం జనగామ రోడ్డు మీద వంటావార్పు నిరసన జరిగిన రోజు, గిన్నెలు కడిగాక ఏది ఎవరిదో తేలక ఆడవాళ్లు తగువుపడ్డారు. పేర్లు చెక్కించనివే ఎక్కువ. సారు పిల్లల్ని కూచోబెట్టి, ఆ గిన్నెలతోనే పాఠం మొదలుపెట్టారు. తగువు తీరలేదు గాని అందరూ నవ్వారు. ఆ నవ్వు అక్కడికొచ్చిన ఒక విద్యాశాఖ అధికారికి నచ్చలేదు. "పాఠం చెప్పే భాషేనా ఇది? పిల్లలతో ఉద్యమాలా?" అని గద్దించి, సారును భూపాలపల్లి అవతలి బడికి బదిలీ చేయించాడు. గుండెజబ్బుంది, చూపించుకునే దవాఖాన జనగామలోనే ఉంది, తిరిగి పంపండని సారు అర్జీ మీద అర్జీ పెట్టారు. ప్రతిసారీ ఇంకో కాగితం జతచేయమన్నారు.

ఒక ఆదివారం జనగామలోని తన ఇంట్లో, నా ముందు, సారు బీరువాకు ఒక కాగితం ఆనించి అయస్కాంతం పెట్టారు. నిలిచింది. కాగితాలు పెంచుతూ పోతే జారిపడింది.

"నడుమ కాయిదాలు పెరిగినకొద్ది పట్టు తగ్గుతది, అన్నా. నాకూ జనగామకూ నడుమ గిదే నడుస్తాంది" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

దినకర్మ నాడు ఆ అధికారి పూలదండతో వచ్చి, విద్యారంగానికి తీరని లోటన్నాడు. ఆ నోట ఆ మాట వినడం కంటే చెవుడు రావడం నయం. వెంట ఒక కట్ట తెచ్చాడు. పైన జనగామకు బదిలీ ఉత్తర్వు, కింద సారు అర్జీలన్నీ. సారు భార్య సుగుణ ఆ కట్టను బీరువాకు ఆనించి అయస్కాంతం పెట్టింది. రెండూ కిందపడ్డాయి.

"చూసినవా అన్నా, ఆయన చెప్పినట్లే అయింది" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. తర్వాత అయస్కాంతాన్ని మాత్రం తీసి, ఉత్త బీరువా తలుపుకు పెట్టింది. నిలిచింది.

లచ్చయ్య సారూ, మీ చోట నిలబడి పాఠం చెప్పే మనిషి మాకిక దొరకడు. మీకు చేతులెత్తి మొక్కుతున్నాను. ఆ కట్టను మాలో ఎవరమూ ముట్టలేదు. అధికారే వంగి, ఒక్కొక్క కాగితం ఏరుకున్నాడు.