తెలియనివాళ్ళు చెయ్యెత్తాలి

కాదు, సుశీల మేడం నా మార్కులు పోగొట్టలేదు. ఎన్నిసార్లు చెప్పినా మా బీఎడ్ వాట్సాప్ గ్రూపుకి ఎక్కదు. ఈ ఉదయం సందీప్ తన టీచింగ్ ప్రాక్టీసు వీడియో మళ్ళీ పెట్టాడు. ప్రశ్న పూర్తికాకముందే క్లాసంతా చేతులు లేచాయి. "సార్ నేను, సార్ నేను" అనే కేకలు నా ఇయర్‌ఫోన్లలో గింగురుమన్నాయి. కింద వరసగా చప్పట్ల బొమ్మలు. "నీకు వేరే మేడం దొరికుంటే నువ్వూ మంచి మార్కులు కొట్టేదానివి" అని నాకో చురక. టైప్ చేసి, చెరిపి, మళ్ళీ టైప్ చేసి, ఆఖరికి ఫోన్ బోర్లా పెట్టి ఇది రాస్తున్నాను.

హైదరాబాద్‌లో పెరిగిన నన్ను ప్రాక్టీసుకి చర్ల అవతల అడవి పల్లెలోని బడికి వేశారు. సిగ్నల్ కోసం నేను వాటర్ ట్యాంక్ మెట్లెక్కుతుంటే ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ సుశీల మేడం కింద నిలబడి నవ్వేవారు. "పైనున్నోళ్ళు ఏమంటున్నరమ్మా? దిగినంక మాకు గూడ జెప్పు." ఆమె బొగ్గుగని కార్మికుడి కూతురు. పిల్లలతో వాళ్ళ కోయ భాషలోనే మాట్లాడేవారు. ఆమె బడిలో ఒక పద్ధతి ఉండేది. ప్రశ్న అడిగితే తెలిసినవాళ్ళు కాదు, తెలియనివాళ్ళు చెయ్యెత్తాలి. అర్థమయ్యాక దించాలి. ఎత్తిన చేతిని చూసి ఎవరూ నవ్వకూడదు.

పరీక్షాధికారి వచ్చే రోజు దగ్గరపడ్డాక ఆ పద్ధతి నాకు ప్రాణసంకటమైంది. ఆయన ఒక్క పాఠం చూసి వేసే మార్కులే మాకు అన్నిటికంటే ముఖ్యం. పక్క ఊరి బడిలో సందీప్ అదే పాఠాన్ని, అవే ప్రశ్నలతో పిల్లల చేత ముందే బట్టీ పట్టించాడు. నేను అంత అడగలేదు.

"ఒక్కరోజు మేడం. ఆ రోజు తెలియనివాళ్ళని చేతులు కింద పెట్టుకోమనండి."

"అంటే ఏంది? తెల్వకున్నా తెల్సినట్టు కూసోమనాల్నా?"

"నా మార్కులు పోతే మీరిస్తారా?" గొంతు పెంచాను.

"నేనియ్య. ఒక్కరోజు కోసం వాళ్ళకు భయం నేర్పినంక, దాన్ని తీసేటందుకు ఎల్లుండి నువ్వుంటవా? బస్సెక్కి పోతవ్."

ఆ రోజు రానే వచ్చింది. పాఠం చెప్పి, "మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?" అని అడిగాను. క్లాసంతా చేతులెత్తింది. పరీక్షాధికారి మొహం వెలిగిపోయింది. "భేష్! నువ్వు చెప్పమ్మా" అని ముందు వరసలోని జోగమ్మని లేపారు.

"నాకు తెల్వదు సార్" అంది జోగమ్మ, బెరుకన్నది లేకుండా.

"పోనీ, పక్కమ్మాయి?"

"నాకు గూడ తెల్వదు సార్."

సుశీల మేడం వెనక నుంచి లేచి తమ పద్ధతి వివరించి, "పిల్లల తప్పేం లేదు సార్. పాఠం నాకే సగం అర్థమైంది" అన్నారు. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ ఊపులోనే మూలనున్న చీపురు నుంచి రెండు సమానమైన పుల్లలు లాగి, ఒకదాన్ని మూడు సమాన ముక్కలు, ఇంకోదాన్ని నాలుగు సమాన ముక్కలు చేశాను. వాటిలోంచి ఒక్కొక్క ముక్క తీసి జోగమ్మ చేతిలో పెట్టాను. పక్కపక్కన పెట్టి చూసుకుంది. ఎత్తిన చెయ్యి దించింది. "మూడు జేస్తేనే ముక్క పెద్దగొస్తది!" అని, వెనక్కి తిరిగి అదే కోయలో అరిచింది. పుల్లలు చేతులు మారుతున్నకొద్దీ ఎత్తిన చేతులు దిగుతూ పోయాయి. వెనక మూలన ఒక్క చెయ్యి మాత్రం దిగలేదు. గంట కొట్టినా నేను ఆ పిల్ల దగ్గరే కూర్చున్నాను.

మార్కులు తక్కువే వచ్చాయి. మేడం టీ గ్లాసు అందిస్తూ అడిగారు.

"కోపం దిగిందా బిడ్డా?"

"లేదు."

"దిగనియ్యకు. పుల్లలిరిసింది ఆ కోపమే గదా."

ఇప్పుడు ఖమ్మంలో ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. నా క్లాసులోనూ తెలియనివాళ్ళే చెయ్యెత్తుతారు. మొన్న ఒకమ్మాయి అడిగిన ప్రశ్నకి నాకు జవాబు తట్టలేదు. చెయ్యి జేబులోని ఫోన్ మీదకి పోయింది. వెనక్కి తీసుకుని, అదే చెయ్యి పైకెత్తాను. ఎవరూ నవ్వలేదు.

సందీప్ వీడియోలో లేచిన ఆ చేతుల్లో నిజంగా తెలిసిన చెయ్యి ఏదో, మీరు చూపించగలరా?