నా పుస్తకంలో లేని సూది

ఫిబ్రవరి పదకొండో తారీఖు, మంగళవారం, పగలు పన్నెండు గంటల ముప్పై ఐదు నిమిషాలకు నేను చెల్లెలి మంచం పక్కనుంచి లేచాను. హిందూపురంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్, రెండో అంతస్తు, ఆడవాళ్ల వార్డు. మా ఇల్లు అక్కడికి ఆటోలో ఏడు నిమిషాలు. స్నానం చేసి, ఆమెకు సంకటి, పప్పు చేసి తెచ్చేసరికి ఒంటిగంట నలభై అయింది. నేను లేనిది అరవై ఐదు నిమిషాలు.

ధర్మవరంలో వాళ్లింటి మగ్గం గుంట దగ్గర కాలు జారి పడి చెల్లెలు తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను జరిగి అది ఆరో రోజు. వయసు అరవై ఆరు, షుగరు వచ్చి పందొమ్మిదేళ్లు. కుట్లు మానాలంటే షుగరు అదుపులో ఉండాలని డాక్టరు పూటపూటా తిండికి ముందు ఇన్సులిన్ సూది రాశాడు. మధ్యాహ్నానిది పద్నాలుగు యూనిట్లు.

నేను పెనుకొండలో ముప్పై ఒక్క సంవత్సరం నాలుగు నెలలు సర్కారు నర్సుగా పనిచేశాను. రిటైరయినా చేయి ఊరుకోదు. మంచం పక్కన కూర్చున్నంతసేపూ నోటుపుస్తకంలో గీతలు గీసి, సూది ఎప్పుడు వేశారు, ఎంత తిన్నది, ఎంతసేపు నిద్రపోయింది, అన్నీ నిమిషాలతో రాసేదాన్ని. చెల్లెలు పక్క మంచాలవాళ్లకు చెప్పి నవ్వేది.

"మా యక్క నేను తుమ్మినా టైము రాస్తాది. రేపు యముడొచ్చినా సంతకం పెట్టి తీసకపో అంటాది, చూస్తాండండి."

పొద్దుటి డ్యూటీ నర్సుది గోరంట్ల. చదువుకునే రోజుల్లో పెనుకొండకు పని నేర్చుకోడానికి వచ్చి నా దగ్గర ఆరు వారాలు చేసిన పిల్ల. ఇప్పుడు ఆమెకూ నలభై దగ్గర పడుతున్నాయి. ఇరవై రెండు మంచాలకు ఆమె ఒక్కతే. నన్ను చూడగానే ఆమె ముఖం వెలిగింది.

"మేడం, మీరుంటే నాకు ఈ మంచం బాధ లేదు" అంది.

ఆపరేషను జరిగిన మరుసటి రోజు నుంచి ఆమె నా పుస్తకం చూసి చార్టు నింపడం మొదలుపెట్టింది. డ్యూటీ దిగేముందు మంచం దగ్గరకు వచ్చి, నేను రాసిన టైములు వరసగా ఎక్కించుకునేది. మధ్యాహ్నం వచ్చే నర్సుకు, "పదో నంబరు మంచానికి ఏం చెప్పే పని లేదు, మేడం పుస్తకంలో అంతా ఉండాది" అనేది.

అది తప్పని నాకంటే బాగా తెలిసినవాళ్లు ఆ వార్డులో లేరు. సూది వేసిన మనిషే రాయాల, వేసిన వెంటనే రాయాల, రోగి బంధువుల చేత రాయించకూడదు. ఈ మాట పెనుకొండలో ఆ పిల్ల చేతనే పదిసార్లు చెప్పించాను. ఒకసారి ముందుగానే నింపిన చార్టు చింపి మళ్లీ రాయించాను కూడా. అలాంటిదాన్ని హిందూపురంలో నోరు మెదపలేదు. ఆమె పని తేలిక చేస్తున్నానని అనుకున్నాను. నిజం అది కాదు. ఇప్పటికీ నా రాతకు విలువ ఉందని నాకు గర్వంగా ఉండేది.

ఆ మంగళవారం నేను ఇంట్లో ఉండగా, పన్నెండూ యాభైకి ఆమె చెల్లెలికి సూది వేసింది. వెంటనే కింద ఆటో బోల్తా పడినవాళ్లు వచ్చారని పిలిస్తే పరుగెత్తింది. చార్టులో రాయలేదు. చెల్లెలు చెబితే నేను రాస్తానని, రోజూలాగే నా పుస్తకం చూసి ఎక్కించుకోవచ్చనుకుంది. ఒంటిగంటన్నరకు డ్యూటీ దిగి, ఆ హడావిడిలో చార్టు మరిచి, అటునుంచి అటే బస్సుకు పోయింది.

నేను సంకటి గిన్నె విప్పుతుండగా రెండో నర్సు వచ్చింది. చిన్న వయసు, చిలమత్తూరు పిల్ల, ఉద్యోగంలో చేరి మూడు నెలలు.

"అవ్వా, సూది ఏసినారా?"

"ఏసినారు. ఆ యమ్మి పోతా పోతా ఏసిపాయ" అంది చెల్లెలు.

పిల్ల చార్టు తిప్పింది. "ఈడ ల్యాదే. పెద్దమ్మా, నీ పుస్తకంలో ఉండాదేమో చూడు."

చూశాను. లేదు.

"లేదు. పొద్దున వేసింది చెప్తాంది" అన్నాను.

"పొద్దున కాదక్కా, ఇప్పుడే. ఈ పక్క పొడిసె" అని చెల్లెలు పొట్ట మీద ఎడమవైపు చూపించింది.

"నిన్న టిఫను తినలేదని నాతో వాదించినావు. ఇడ్లీలు మూడు తిన్నట్టు రాసి పెట్టినాను, చూపించాల్సి వచ్చె. నీ మాట నమ్మేదెట్లా?"

"సరేలే తల్లీ. నీ పుస్తకమే దేవుడు" అని ఇంకో వైపు చూసింది.

ఒంటిగంట నలభై ఐదుకు నా కళ్ల ముందే రెండో పద్నాలుగు యూనిట్లు పడ్డాయి. నేను టైము రాశాను. ఆమె సంకటి నాలుగు ముద్దలు తిని చాలంది. ముందురాత్రి నొప్పితో నిద్ర లేదు కాబట్టి కళ్లు మూసుకుంటే మంచిదే అనుకున్నాను. నా పుస్తకంలో ఆ తర్వాత ఉన్నవి ఇవి: రెండున్నర, నిద్ర. మూడున్నర, నిద్ర. నాలుగున్నర, నిద్ర.

అయిదూ అయిదుకు కాఫీకి లేపుదామని చేయి పట్టుకుంటే రవికె తడిసి ముద్దగా ఉంది. షుగరు చూస్తే, డెబ్బైకి తగ్గకూడనిది ఇరవై నాలుగు. గ్లూకోజు ఎక్కించారు, డాక్టరు వచ్చాడు, అంకె పైకి వచ్చింది. కళ్లు కూడా తెరిచింది. ఆ కళ్లు నన్ను దాటి గోడను చూశాయి. చాలాసేపు షుగరు అందక మెదడు దెబ్బతిందన్నాడు డాక్టరు. ఆ కళ్లు ఇప్పటికీ అలాగే చూస్తున్నాయి.

గురువారం సాయంత్రం గోరంట్ల పిల్ల మా ఇంటికి వచ్చి గడపలోనే కూర్చుంది.

"పన్నెండూ యాభైకి నేనే ఏసినా మేడం. ఎడమ పక్క. మేనేజరుకు చెప్తే, చార్టులో ఒకటే ఉండాది, ముసలామె పుస్తకంలోనూ ఒకటే ఉండాది, నువ్వు ఇంకోటి పుట్టించొద్దు అన్నాడు. ఏం చేసేది?"

నిజం రాసివ్వమంటే ఆమె ఉద్యోగం, నర్సు రిజిస్ట్రేషను పోతాయి. వద్దంటే నేను నేర్పిన చదువు పోతుంది. చివరకు కాగితం నేనే ఇచ్చాను. తారీఖు, టైము, డోసు, ఎందుకు రాయలేదో, అన్నీ ఒక పేజీలో రాసింది. అక్షరం పెనుకొండలో నేను దిద్దిన అక్షరమే.

శుక్రవారం ఆ పేజీ మేనేజరుకు ఇచ్చింది. సోమవారం నుంచి రావద్దన్నారు. మార్చిలో నేను వెళ్లి అడిగితే అలాంటి కాగితమే అందలేదన్నారు. నకలు తీయించమని చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

"అయితే నా వాంగ్మూలం రాసుకోండి. సూది వేశారని రోగి చెబుతుంటే కాదన్నది నేను" అన్నాను.

మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. "మీరు పేషెంటుకు తోడుగా వచ్చినారమ్మా. మీ మీద ఏముంటాది? పెద్దవాళ్లు, ఇంటికి పోయి రెస్టు తీసుకోండి."

నిజమే. నర్సు తప్పుకు చట్టం ఉంది, డాక్టరు తప్పుకు చట్టం ఉంది. నా తప్పు రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు. ధర్మవరంలో మరిది దగ్గర ఫిర్యాదు మాట ఎత్తితే, మగ్గం మీద పడుగు పోగులు అతుకుతూ తల ఎత్తకుండానే అన్నాడు: "నువ్వు పక్కనే ఉంటివి కదా వదినా. ఇంక నేను ఎవర్ని అడగల్ల?"

నెలకు రెండుసార్లు బస్సులో ధర్మవరం పోతాను. నోట్లో గంజి పోస్తే మింగుతుంది. "నా పుస్తకమే దేవుడంటివి కదా, తిట్టు" అంటాను. మగ్గం చప్పుడు వైపు తల తిప్పుతుంది.

ఈరోజు సెప్టెంబరు పదమూడు. పొద్దున పుస్తకం తీసి ఆ పేజీలో ఖాళీగా ఉన్న గీత మీద ఈరోజు తారీఖు వేసి ఇలా రాశాను: "పన్నెండూ యాభై, పద్నాలుగు యూనిట్లు, ఎడమవైపు. నేను చూడలేదు. చెల్లెలు చెప్పింది." కింద సంతకం పెట్టాను. దీన్ని అడిగేవాళ్లు ఎవరూ లేరు.

పోయినవి: చెల్లెలి మాట, రెండు వందల పద్నాలుగు రోజులుగా. చెల్లెలికి మనుషుల గుర్తు. ఒక నర్సు ఉద్యోగం. ఆమె రాసిన ఒక పేజీ. ఒంటిగంట నలభై ఐదు నుంచి అయిదూ అయిదు దాకా, నేను పక్కన కూర్చుని ఉన్న మూడు గంటల ఇరవై నిమిషాలు.