సాయిలన్న రాగం

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ ఒళ్లుమంట. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. ఎవరైనా "మా మేనమామ కళ్లారా చూసిండు" అని మొదలుపెడితే, ఆ రోజు మీ మేనమామ ఎంత తాగాడో ముందు కనుక్కో అనేవాణ్ణి. ఎల్లారెడ్డిలో మా మక్కచేను శ్మశానం పక్కనే ఉండేది. పంట చేతికొచ్చే రోజుల్లో మంచె మీద ఒక్కణ్ణే పడుకునేవాణ్ణి. అడవిపందులు తప్ప ఎవరూ వచ్చింది లేదు.

ఇప్పుడు రాయబోయేది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారని కాదు. ఇందులో నేను చేసిన పాడుపని ఒకటుంది. అది ఒప్పుకోకుండా మిగతాది చెప్పడం కుదరదు.

నిజాం రోజులు, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన తర్వాత వచ్చిన ఒక ఎండాకాలం. నాకు ఇరవై రెండేళ్లు ఉంటాయి. కామారెడ్డిలో కొందరు వ్యాపారులూ ఒక వకీలూ కలిసి కొత్త నాటకాల సభలు పెట్టారు. అందరూ ఆడే పాత నాటకాలు పనికిరావు, కొత్తగా రాసుకున్నవే తేవాలని షరతు. నాటకం సగంలో ఉన్నా సరే. ముందు ఒక రంగం ఆడి చూపిస్తే, పెద్దలు విని ఎక్కడ సాగిందో, ఎక్కడ పాట కావాలో చెబుతారు. అక్కడే కూర్చుని దిద్దుకోవాలి. వాళ్లకు నచ్చిన నాటకాన్ని నాలుగో రోజు మొత్తం ఆడిస్తారు. దీపాలకు కిరోసిన్ దొరకడం గగనమైన రోజులు కాబట్టి ఆట అంతా పగటిపూటే.

మా ఎల్లారెడ్డి నాటక సమాజానికి గురువు హార్మోనియం పంతులు. ఆయనే ఒక నాటకం రాశారు. కరువులో ఇల్లు విడిచి పోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ తిరిగే అన్న కథ. నేను రాతపని చేసేవాణ్ణి. నాటకం ముందుగా ఉర్దూలో రాసి పోలీసు అమీన్ సాబుకు చూపిస్తే గాని ఆడటానికి ఇజాజత్ రాదు. బడిలో ఉర్దూ చదివినవాణ్ణి కాబట్టి ఆ పనీ నా నెత్తినే పడింది. చివరి పద్యాన్ని ఉర్దూలోకి ఎలా తేవాలో తెలియక "ఇక్కడ పెద్దన్న ఏడుస్తాడు" అని ఒక్క ముక్క రాసి పంపాను. అమీన్ సాబు ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

ఆ పెద్దన్న వేషం సాయిలన్నది. మగ్గం నేసేవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. అంత గొంతు ఆ చుట్టుపక్కల లేదు. హార్మోనియం మీద ఐదో శృతి పెట్టినా హాయిగా పాడేవాడు. నేను రెండున్నర దాటితే పిల్లి అరిచినట్టు ఉండేది. పొద్దంతా మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునే ఆ మనిషికి ఉన్న కోరిక ఒక్కటే. కామారెడ్డిలో, పాట తెలిసిన పెద్దల ముందు ఆ పద్యం పాడాలి. పద్యం చివర పెద్ద రాగం తీయాలని పంతులు ఎన్నిసార్లు అడిగినా, సాయిలన్న నవ్వి, "అది ఈడ తియ్య పంతులు గారూ, కామారెడ్డిలనే తీస్త" అనేవాడు.

మా సమాజంలో ఒక ఆచారం ఉండేది. నాటకం మొత్తం ఎవరి చేతికీ ఇచ్చేవాళ్లం కాదు. ఎవరి మాటలు వాళ్లకు విడిగా రాసి, ఆ కాగితాలను హార్మోనియం ముందు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తమలపాకుతో కలిపి చేతికిచ్చేవారు పంతులు. అలా అందుకున్నాక ఆ వేషం ఆ మనిషిదే. వేరొకరికి పోవాలంటే అతను తన చేత్తో ఇవ్వాలి. పంతులు దగ్గర కూడా దీనికి మాఫీ లేదు.

బయలుదేరడానికి మూడు రోజుల ముందు సాయిలన్నకు చలిజ్వరం పట్టుకుంది. మంచం మీద నుంచి లేవలేని జ్వరం. పంతులు నన్ను పిలిచారు.

"నాటకమంతా నోటికొచ్చినోడివి నువ్వొక్కడివే. పోయి సాయిల్ని అడుగు. ఆయన చేత్తోని ఇస్తేనే తీస్కో. ఇయ్యకపోతే ఈ యేడు మనం పోం."

పొద్దున్నే పోయాను. సాయిలన్న మగ్గం పక్కన కుక్కిమంచంలో కళ్లు మూసుకుని ఉన్నాడు. రెండు గొంగళ్లు కప్పినా ఒళ్లు వణుకుతోంది. ఆయన భార్య లచ్చవ్వ వదినె కషాయం ఆకు కోసం పెరట్లోకి పోయింది. తలకింద కాగితాల కొస కనిపిస్తోంది. నేను రాసినవే.

లేపి అడగవచ్చు. రెండు గడియలు కూర్చుంటే ఆయనే లేచేవాడేమో. కానీ అడిగితే ఇవ్వడనుకున్నాను. "రేపటికి తగ్గుతది, నేనే వస్త" అంటాడనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ వేషం మీద నాకు ఎప్పటి నుంచో ఆశ. ఊరంతా సాయిలూ సాయిలూ అంటుంటే, రాసి రాసి వేళ్లు కాయలు కాసిన నన్ను ఒక్కరూ పలకరించేవాళ్లు కాదు. కాగితాలను మెల్లగా లాగాను. ఆయన తల కొంచెం పక్కకు ఒరిగింది. కళ్లు తెరవలేదు. నడుముకు దోపుకుని, ఎదురుగా వచ్చిన వదినెకు మళ్లీ వస్తానని చెప్పి బయటపడ్డాను.

పంతులుతో, "తన చేత్తోనే ఇచ్చిండు" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం.

రెండు బండ్లు కట్టుకుని లింగంపేట మీదుగా మర్నాడు సాయంత్రానికి కామారెడ్డి చేరాం. ఆ మరుసటి రోజు సభలు మొదలు. సభలు స్టేషన్ దగ్గర మూతపడ్డ ఒక రైస్ మిల్లు షెడ్డులో. ఇది జాగ్రత్తగా చెబుతాను, తర్వాత పనికొస్తుంది. పైకప్పు నడిమధ్యలో ఒక రేకు ఊడిపోయి, అక్కడి నుంచి ఎండ చాప మీద పడుతోంది. దూలాల నిండా పిచ్చుకలు. వాటి రెట్ట మీద పడుతుందని ముందు వరుసలో ఒక ముసలి సేటు లోపల కూడా గొడుగు తెరిచి పట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని చూసి మా వాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. వేదిక పక్కన వడ్లు తూచే పెద్ద త్రాసు ఉంది, దాని ఒక తట్టలో ఎవరో మంచినీళ్ల కుండ పెట్టారు.

సభల రెండో రోజు పొద్దెక్కాక, చివరి రంగం చూపించడానికి మా వంతు వచ్చింది. భుజం మీద గొంగడి, చేతిలో కర్రతో నిలబడ్డాను. మొదటి మాటలు బాగానే నడిచాయి. చివరి పద్యానికి పంతులు రెండున్నర మెట్టు నొక్కారు. నా గొంతుకు తగ్గట్టు ముందే అనుకున్న శృతి అది. నోరు తెరిచాను.

మొదటి పాదం నాదే. అది నాకు స్పష్టంగా తెలుసు. రెండో పాదానికి చలి పట్టుకుంది. మాడు పగిలే ఎండ, పైన రేకులు, అయినా వెన్నులోంచి మొదలైన వణుకుతో పళ్లు టకటకమన్నాయి. నోరంతా చేదు. నేలవేము కషాయం చేదు. ఆ పొద్దున నేను తిన్నది జొన్నరొట్టె, తాగింది మజ్జిగ.

ఇక మూడో పాదం నేను పాడలేదు. నా నోరే కదులుతోంది, గాలి నా ఛాతీలోంచే పోతోంది. కానీ ఆ గొంతు నాది కాదు. పంతులు తలెత్తి చూశారు. ఆయన వేళ్లు రెండున్నర వదిలేసి, తడుముకుంటూ పైకి పోయి ఐదు దగ్గర ఆగాయి. ఆయన నలభై ఏళ్లుగా హార్మోనియం వాయిస్తున్న మనిషి. పాడేవాడి వెనక పరుగెత్తడం ఆ ఒక్కరోజే చూశాను.

పద్యం అయిపోయింది. రాగం మొదలైంది. ఆ రాగం నేను ఎప్పుడూ వినలేదు, ఎవరూ వినలేదు. తమ్ముణ్ణి పిలిచి పిలిచి, ఇక రాడని తెలిసి కూడా పిలిచే పిలుపు అది. గొడుగు సేటు గొడుగు మూసి పక్కన పెట్టాడు. వకీలు కళ్లు తుడుచుకున్నాడు. నాకు మాత్రం ఒకటే భయం. ఇది ఆగిన తర్వాత నాలో ఏం మిగులుతుందో తెలియలేదు.

ఆగింది. చలి పోయింది. షెడ్డంతా చప్పట్లు. మా నాటకాన్ని నాలుగో రోజుకు ఎంచుకున్నారు.

పంతులు నన్ను త్రాసు చాటుకు తీసుకుపోయారు.

"నర్సింలూ, నిజం చెప్పు. సాయిలు చేత్తోనే ఇచ్చిండా?"

"ఇచ్చిండు," అన్నాను మళ్లీ. పక్కన జనం ఉన్నారు. అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు.

ఆ మధ్యాహ్నం పంతులు ఐదో శృతి పెట్టి పాడమన్నారు. ఎప్పటిలాగే పిల్లి అరుపు. నాలుగో రోజు మొత్తం నాటకం ఆడాం. రెండున్నరలో పాడాను, తప్పులు లేవు. జనం మర్యాదగా విని లేచిపోయారు. సేటు గొడుగు ముయ్యలేదు.

తిరుగు ప్రయాణంలో లింగంపేట దాటాక బండి దిగి, అడ్డదారిన నడిచి అందరికంటే ముందు ఊరు చేరాను. ఇంటికి కూడా పోకుండా సాయిలన్న దగ్గరికే పోయాను. ఆయన మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు గానీ జ్వరం లేదు. నన్ను చూసి నవ్వాడు.

"రా తమ్మి. కామారెడ్డి పోయొచ్చిన నేను గూడ."

జ్వరంలో కన్న కల అనుకున్నాను. ఆయన నేత ఆపకుండానే చెప్పుకుపోయాడు. పైన రేకు లేదని, పిచ్చుకలున్నాయని చెప్పాడు. "ముందట ఒకాయన ఇంట్ల గొడుగు పట్టుకొని కూసున్నడేంది? నాకు నవ్వొచ్చింది గని నవ్వరాలె." త్రాసు తట్టలో కుండ సంగతి కూడా ఆయనే చెప్పాడు. నేను అప్పటికి ఎవరితోనూ మాట్లాడలేదు. బండ్లు ఇంకా రాలేదు. ఆయన పుట్టి బుద్ధెరిగాక కామారెడ్డి ముఖం చూడలేదు.

లచ్చవ్వ వదినె గడపలో కూర్చుని కండెలు చుడుతోంది. ఆమె చెప్పింది ఇది.

"నువ్వు పోయిన నాలుగోదినం, పొద్దెక్కినంక, ఈయన నోరు తెరిచి గట్లనే ఉన్నడు. పాడుతున్నట్టు పెదవులు కదులుతున్నయి, సప్పుడు లేదు. పానం పోతుందనుకొని ఏడ్సుకుంట కషాయం నోట్లె పోసిన. జరసేపటికి చెమటలు వట్టినయి, జరం ఇడిసింది."

బయలుదేరిన రోజు నుంచి లెక్క వేశాను. లెక్క నా పనే కదా. బయలుదేరిన నాలుగో రోజు అంటే సభల్లో రెండో రోజు, మేము ఆ రంగం ఆడిన రోజే.

"మరి రాగం ఒక్కటి వస్తలేదు తమ్మి," అన్నాడు సాయిలన్న. మాట్లాడే గొంతు మామూలుగానే ఉంది. పాడబోతే మాత్రం గాలి తప్ప ఏమీ రావడం లేదు. నా ముందే రెండుసార్లు ప్రయత్నించి ఊరుకున్నాడు. తర్వాతి రోజుల్లో పంతులు మిరియాలు, తేనె, అల్లం అన్నీ పెట్టించారు. మెదక్ నుంచి వైద్యుణ్ణి కూడా రప్పించారు. ఆ గొంతు మళ్లీ రాలేదు.

ఆ రోజే నడుముకు దోపుకున్న కాగితాలు తీసి ఆయన ముందు పెట్టాను. ఏడ్చాను. నీ తలకింద నుంచి దొంగతనంగా తీసుకున్నానని, ఇచ్చావని పంతులుతో అబద్ధం చెప్పానని, అంతా చెప్పాను. ఆయన మగ్గం ఆపాడు.

"నేను నిద్రపోలె ఆ పొద్దు. నువ్వు గుంజుతుంటె తెలిసింది. అడుగుతవేమో అని కండ్లు మూసుకొని ఉన్న." తెగిన పోగు ముడేస్తూ, "అడుగుతె ఇయ్యకపోదునా తమ్మి?" అన్నాడు.

ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే అన్నం సహించదు.

ఆ తర్వాత నేను ముఖానికి రంగు పూసుకోలేదు. పంతులుకూ నిజం చెప్పాను. ఆయన తిట్టలేదు, నాతో మాట్లాడటం తగ్గించారు. సాయిలన్న ఇంకో ముప్పై ఏళ్లు బతికాడు. ఎక్కడ కొత్త నాటకం చదువుతున్నా వచ్చి వెనక కూర్చుని తొడ మీద తాళం వేసేవాడు. నన్ను ఒక్కనాడూ దెప్పలేదు. దెప్పితే బాగుండేది.

జ్వరం తీవ్రంగా ఉంటే గొంతు నరాలు దెబ్బతినవచ్చని ఒక డాక్టరు నాతో అన్నాడు. భయంలో మనిషికి లేని గొంతు వస్తుందని ఇంకొకరు అన్నారు. రెండూ నిజమే కావచ్చు. మరి గొడుగు సంగతి సాయిలన్నకు ఎలా తెలిసిందో వాటితో తేలదు. దయ్యమందామంటే ఆయన అప్పుడు బతికే ఉన్నాడు. ఇన్నేళ్లు ఆలోచించినా ఆ పొద్దున నా నోట పాడింది ఎవరో, ఎలాగో నాకు అంతుపట్టలేదు.

సాయిలన్న పోవడానికి ముందు ఒక వానాకాలం సాయంత్రం ఆయన్ని చూడటానికి పోయాను. మంచంలో ఉన్నాడు. ఆ పద్యం ఒకసారి పాడమన్నాడు. "రాగం గూడ తియ్యి, నా రాగం నేను చెవులార ఇనలె" అన్నాడు. పద్యం నాకు వచ్చిన రెండున్నరలో పాడాను. రాగం దగ్గర, ఆ రోజు నా నోటి నుంచి వెళ్లిందంతా గుర్తు తెచ్చుకోబోయాను. ఒక్క స్వరం కూడా గుర్తు రాలేదు. ఏదో తీశాను. ఆయన కళ్లు మూసుకుని, చెయ్యి గాలిలో మెల్లగా ఎత్తుతూ, "ఇంకొంచెం పైకి తమ్మి, ఇంకొంచెం పైకి" అంటూనే ఉన్నాడు.