పింగాణీ మీద చందనం

మా పెదనాయన కోదండరామరాజుకు రెండు ఉద్యోగాలు. పగలు రాజపాళయం పత్తి మిల్లులో కరెంటు పని. సాయంత్రం, ఆ పత్తిని తన రేడియో గదిలోకి రానీకుండా చూసుకునే పని. రెండోదానికి జీతం లేదు, సెలవూ లేదు.

లైసెన్సు తీసుకుని, సందేశాలు పంపే రేడియో పెట్టె సొంతంగా కట్టుకున్నాడాయన. దాని బలం పెంచడానికి పక్కన ఇంకో పెట్టె, ఆంప్లిఫయరు. అందులో వెయ్యి వోల్టులు పారే అల్యూమినియం రేకులు, వాటిని పట్టుకున్న పింగాణీ దిమ్మలు. రేకుల మధ్య దూదిపోగు పడినా, కాస్త చెమ్మ తగిలినా నిప్పురవ్వ దూకుతుంది. అందుకే మిల్లు బట్టలు బావి దగ్గరే విప్పి, స్నానం చేసి, ఒళ్ళు ఆరాకే గదిలోకి వెళ్ళేవాడు. మేకవెంట్రుకల కుంచెతో రేకు రేకూ దులిపేవాడు. పెద్దమ్మ అమ్మణి అన్నం ముందు కూర్చుని ఎదురు చూసేది. నన్నడిగితే ఆమె ఓపికే గొప్పది.

ఇంతా చేసి ఆయన కోరింది సముద్రం అవతలి నుంచి ఒక్క జవాబు. 1938 ఆయుధపూజ సాయంత్రం ఆరింటికి వింటూ ఉంటానని కొలంబో నుంచి ఒకాయన ఉత్తరం రాశాడు.

ఆ రోజు కత్తిపీట నుంచి సైకిలు దాకా అన్నిటికీ బొట్లు పెట్టింది పెద్దమ్మ. మొగుడు కంటికి రెప్పలా చూసుకునే పెట్టెను వదిలేస్తుందా? మూత తీసి పింగాణీ దిమ్మలన్నిటికీ తడి చందనం, కుంకుమ పెట్టి, మళ్ళీ మూత వేసింది. ఆరింటికి పెదనాయన మూత తీయకుండానే స్విచ్చి వేశాడు. చందనం మీదుగా నీలిమంట పాకింది. రేకులు కాలాయి, పెట్టెకు ప్రాణమైన గాజు వాల్వు, ఉన్న ఒక్కటీ పోయింది.

"నేనే పాడు చేసినానా?"

"విడు అమ్మణీ. పూజే కదా చేసినావు," అన్నాడాయన. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని పెద్దమ్మ చచ్చేదాకా అంటూనే ఉంది.

మళ్ళీ కట్టడానికి దాదాపు ఏడాది పట్టింది. ఈసారి రేకుల మధ్య ఎడం పెంచాడు. పదునైన అంచు నుంచే రవ్వ దూకుతుందని ప్రతి అంచునూ ఆకురాయితో నున్నగా అరగదీశాడు. మద్రాసు నుంచి కొత్త వాల్వు వచ్చింది. ఈసారి సెప్టెంబరు పదో తేదీ, ఆదివారం ఆరింటికి వింటానని కొలంబో ఆయన రాశాడు. ఇల్లలకగానే పండగ అవుతుందా? గురువారం ఇద్దరు పోలీసులు వచ్చారు. యుద్ధం మొదలైంది, సందేశాలు పంపే పెట్టెలన్నీ అప్పగించాలి.

వాళ్ళు గోనెసంచి తెరిచారు.

"సంచి వద్దు సార్, పీచు పడుతుంది," అన్నాడు పెదనాయన. ఉతికిన పంచె తెచ్చి తనే చుట్టి ఇచ్చాడు. ఆదివారం ఆరింటికి ఎక్కడున్నాడో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు ఆయుధపూజకు పెద్దమ్మ చందనం గిన్నెతో రేడియో గది గడప దగ్గరే ఆగిపోయింది.

"రా అమ్మణీ. ఇంగ కాలిపోయేదానికి ఏముంది?" అన్నాడు పెదనాయన.

లేచి, కుంచె తీసి, ఖాళీ బల్లను ఆ చివర నుంచి ఈ చివర దాకా దులిపాడు. తరువాత ఆమె బొట్టు పెట్టడానికి పక్కకు జరిగాడు.