ఇస్సాకు బండి మోత

ఆళ్లగడ్డలో టాక్సీ నడిపే ఇస్సాకు ఇల్లు చేరగానే ఇంజను ఆపడు. పాత అంబాసిడరును వాకిట్లో మోగనిచ్చి, స్టీరింగు మీద గడ్డం ఆనించి తలుపు వైపు చూస్తాడు. పెట్రోలు మరీ తాగుతోందని ఒకరోజు బండిని నంద్యాలకు తీసుకెళ్తే, మెకానిక్ లాల్ సాహెబ్ బానెట్టు ఎత్తి చెవి పెట్టాడు.

"కార్బొరేటరు స్క్రూ ఇంత బిగించిందెవురప్పా? నిలబెట్టినా ఇంజను ఉరుకుతానే ఉండాది."

"నేనేన్నా. మా ఇంటామెకు చెవుడు గదా. గట్టిగా మోగితేనే తలుపు తీసేది."

అంతకు ముందేడు ఆమెను పూడ్చినప్పుడు లాల్ సాహెబూ వచ్చాడు. ఇప్పుడు స్క్రూడ్రైవరు అందుకుని స్క్రూ వదులు చేశాడు.

ఆ సాయంత్రం వాకిట్లో ఇంజను వినపడీ వినపడనట్టు ఆడింది. ఇస్సాకు స్టీరింగు మీద గడ్డం ఆనించాడు. తర్వాత యాక్సిలరేటరు గట్టిగా తొక్కి, పొద్దున తానే తాళం వేసిన తలుపు వైపు చూశాడు.