కాగితం మీద కుడివైపు

మూసాపేటలో నేను కిరాయికున్న ఇంటి వాకిట్లో ఆ ఉదయం ఉన్నవి: ఒక పీట, చెంబుడు నీళ్లు, పళ్లపొడి డబ్బా, కొత్త బ్రష్షు, పళ్ల డాక్టరు గీసిచ్చిన కాగితం. ఉన్నవాళ్లు: చూపు లేని ఇంటాయన, ఆయన భార్య, నేను. డెబ్బైల మొదటి రోజులవి. పాలిటెక్నిక్ పూర్తి చేసి, కోస్తా నుంచి వచ్చి ఒక ఫ్యాక్టరీ డ్రాయింగు సెక్షన్లో చేరాను.

ఆయన పెళ్లిళ్లలో సన్నాయి ఊదేవాడు. పైవరస ముందు పళ్ల దగ్గర ఒక పక్క చిగుళ్లు వాచి పళ్లు వదులయ్యాయి. నెలలోపు గట్టిపడకపోతే ఆ పళ్లు తీసెయ్యాల్సిందేనని దవాఖానలో చెప్పారు. అవి పోతే సన్నాయికి పెదవి ఆనదు. డాక్టరు కాగితం మీద పళ్ల వరస గీసి, ఒక పక్క ఇంటూ గుర్తు పెట్టాడు. ఆ పక్క బ్రష్షు తగలకూడదు, వేలితో మెల్లగా రుద్దాలి. రెండో పక్క బ్రష్షుతో గట్టిగా తోమాలి.

"సదువుకున్నోనివి, జర నేర్పియ్యి బిడ్డా" అంటూ ఆమె కాగితం నా చేతిలో పెట్టింది. ఇంటూ కాగితానికి కుడివైపున ఉంది.

ఎదురుగా కూర్చుంటే కుడి ఎడమలు తారుమారవుతాయని నేను ఆయన వెనక కూర్చున్నాను. చేతి మీద చెయ్యి వేసి, పన్నుకు పది చొప్పున లెక్కపెట్టించాను. తోమాక నాలుక తిప్పి చూసుకోమన్నాను. నున్నగా జారితే శుభ్రం, గరుకైతే మళ్లీ.

"ఎడమపక్కకి రండి బాబాయిగారూ. గట్టిగా నొక్కండి."

"నొక్కుతున్న గాని సారూ, గిటు దిక్కు మండుతుంది."

"మొదట్లో అలాగే ఉంటుందండి."

"నోరు నాదా, నీదా?"

"లెక్క తప్పారు. మళ్లీ ఒకటి నుంచి."

ఆమె నవ్వింది. "సన్నాయిల తాళం తప్పనోడు పండ్లకాడ తప్పిండు!"

నెల తిరిగాక ఆయనకు తోడుగా దవాఖానకు వెళ్లాను. ఆయన కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు. కాగితం పట్టుకుని మొదటిసారి ఆయనకు ఎదురుగా నిలబడ్డాను. ఇంటూ ఆయన ఎడమ చిగుళ్లకు ఎదురుగా వచ్చింది. డాక్టరు గీసింది ఎదుటి మనిషి నోరు. నెల రోజులు నేను బ్రష్షు నొక్కించింది సరిగ్గా అక్కడే.

ఆ పక్క పళ్లు తీసేశారు. తప్పు నాదని ఆయనకు చెప్పలేదు.

నా గదికి వేరే దారి లేదు. వాళ్ల వాకిట్లోంచే వెళ్లాలి, వాకిట్లోంచే రావాలి. ఆయన పొద్దున్నే పీట మీద కూర్చుని మిగిలిన పళ్లు తోముకుంటూ, నా చెప్పుల చప్పుడు వినగానే లెక్క పైకి చెప్పేవాడు, మెచ్చుకుంటానని. సన్నాయి దూలానికి వేలాడేది. చందానగర్‌లో గది చూసుకున్నానని ఒకసారి అన్నాను.

"ఇగ ఊదుడు లేదు, పెండ్లిళ్లు లేవు. నువ్వు గూడ పోతే నాతోని మాట్లాడేటోడెవడు సారూ? నువ్వు నేర్పినవు గనుక మిగిలినయన్న ఉన్నయి."

కట్టిన సామాను విప్పేశాను.

తీసిన పళ్లు నాలుగు. ఆ తర్వాత ఆ ఇంట్లో నేనున్న నెలలు పదకొండు.