సొరంగంలో వంగిన తలలు

మొన్న మధ్యాహ్నం టీవీలో పాత జానపద సినిమా వస్తుంటే, ఆ వేళకు కునుకు తీసే నేను లేచి కూర్చున్నాను. రాకుమారుడు కాగడా పట్టుకుని సొరంగం ముందు నిలబడ్డాడు. అరే, ఇది అదే సినిమా! పెళ్లయిన కొత్తలో గోదావరిఖనిలో, క్లబ్బు ముందు మైదానంలో తెల్లగుడ్డ మీద చూసింది.

మంథని వైపు పల్లె నుంచి అప్పుడే కాపురానికి వచ్చాను. మా ఆయన బొగ్గుగనిలో పని. లిఫ్టూ గిఫ్టూ ఏమీ ఉండవు, ఏటవాలు దారిలో భూమిలోకి నడిచి దిగడమే. నాకేమో అన్నీ తెలుసుకోవాలన్న పిచ్చి. లోపలికి గాలి ఎటునుంచి వస్తుంది, సద్ది ఎక్కడ కూర్చుని తింటారు, భయమేస్తుందా? ఏది అడిగినా "ఏముంటది, బొగ్గుంటది" అని చెంబు తీసుకుని ముఖం కడుక్కునేవాడు. మాట్లాడని మనిషితో ఏం కాపురమని ఒళ్లు మండి, పుట్టింటికి పోదామని ట్రంకుపెట్టె సర్దేశాను. సోమవారం బస్సు. ఆదివారం క్లబ్బు ముందు వేసే సినిమా వదులుకునేంత కోపం మాత్రం రాలేదు.

మైదానంలో ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు, మధ్య తాడు. తాడుకు ఇవతల నేను, అవతల ఆయన. రాకుమారుడు లోపలికి పోయేకొద్దీ వెనక వెలుతురు పళ్లెమంతయి, చివరికి బొట్టంతయింది. ఆ తర్వాత తెర నిండా పైకప్పు రాయే. మావైపు ఆడవాళ్లు అతని అందం గురించి గుసగుసలాడుతున్నారు. అటువైపు చప్పుడే లేదు. తిరిగి చూస్తే మగవాళ్లంతా తలలు వంచేశారు. ఆకాశం తప్ప పైన ఏమీ లేని చోట! అంతలో రాకుమారుడు కత్తి పిడితో కప్పును తట్టాడు. "బోలుగున్నది, ఎనుకకు రా" అన్నారెవరో మగవాళ్లలోంచి, తెర మీది అతనితోనే. గనిలో కప్పును కర్రతో కొట్టి వింటారట, బోలుగా మోగితే కూలబోతున్నట్టే. ముందు వరుసలవాళ్లు లేచి వెనక్కి జరిగారు కూడా. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. నేనూ నవ్వబోయి ఆయనను చూశాను. వంగిన తల మీద, లేని గని టోపీని చేత్తో పట్టుకుని ఉన్నాడు. నా నవ్వు ఎటు పోయిందో.

ఇంటికి నడుస్తూ, లోపల గట్లనే ఉంటదా అని అడిగాను. ఆయన నడక ఆపాడు.

"గట్లనే ఉంటది. చెప్తే, భయపడకుండ రేపు పొద్దుగాల నాకు సద్ది కట్టి పంపుతవా?"

ఇంటికి రాగానే పెట్టెలోని చీరలు తీసి మళ్లీ దండెం మీద వేశాను. పొద్దున సద్ది కట్టాను.

అయినా తెలుసుకోవాలన్న నా పురుగు చావదుగా! ఆ సినిమానే పక్క కాలనీలో మళ్లీ వేస్తే, పక్కింటి అక్కను లాక్కుపోయి ఈసారి మనుషులను వదిలేసి కెమెరా ఎక్కడ పెట్టారా అని చూశాను. రాజసభను మిద్దె మీదినుంచి తీసినట్టున్నారు, అంత రాజూ బొమ్మలా ఉన్నాడు. సొరంగంలో మాత్రం కెమెరా నేల మీద, రాకుమారుడి పాదాల దగ్గర. అందుకే కప్పు మన నెత్తి మీదికొచ్చింది. నిజానికి అతని కిరీటం దేనికీ తగలనే లేదు. ఇదంతా చెబితే మా ఆయన అన్నం ముందు చెయ్యి ఆపి విన్నాడు. ఆ చప్పుడు సంగతేందని మొదటిసారి నన్నే ఒక ప్రశ్న అడిగాడు. ఏ కుండనో కొట్టి ఉంటారన్నాను.

"కుండ గాదు. గని కప్పు చప్పుడే. నాకెర్కలేదా?"

అని, ఏ చప్పుడు ఎట్లా ఉంటుందో కంచం అంచు మీద వేలితో కొట్టి వినిపించడం మొదలుపెట్టాడు. అన్నం చల్లారిపోయింది.

ఇప్పుడు ఆయనకు చెవులు సరిగా వినబడవు. టీవీ పెట్టె మోకాలెత్తున ఉంది, సొరంగం చూస్తే జానెడు. రాకుమారుడు అడుగుపెట్టగానే మంచం మీద మా ఆయన తల వంచాడు. కెమెరా గుట్టు తెలిసిన నేనూ వంచాను. ఆయన దిగిన గని ఎప్పుడో మూతబడింది. ఇన్నేళ్లు గడిచినా, ఆ కప్పు మాత్రం మా ఇద్దరి తలలకూ జానెడు పైనే ఉంది.